పాత పట్టుచీరతో బుట్టచేతుల జాకెట్టు: చీర ఎంచుకోవడం నుంచి ట్రయల్ దాకా

"అమ్మమ్మ పెట్టెలో పాత పట్టుచీర ఉంది. దాంతో బుట్టచేతుల జాకెట్టు కుట్టించుకోవచ్చా?" పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. 2018లో ‘మహానటి’ విడుదలై, అందులోని దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. అందుకే పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను. ఇంట్లో చీర లేనివాళ్లు పాతది ఎక్కడ వెతకాలో, కొత్తది కొనేవాళ్లు ఏం చూసుకోవాలో కూడా ఇందులోనే చెప్తాను.

ముందే ఒక మాట. కట్టుకోవడానికి పనికొచ్చే చీరకు దయచేసి కత్తెర పెట్టకండి. అక్కడక్కడా చిరిగినది, కుచ్చిళ్ల దగ్గర మరక పడినది, కొంగు ఒక్కటే బాగా మిగిలినది ఉంటే అది తీయండి. బాగున్న చీరనైతే అలాగే కట్టుకుని, జాకెట్టు మాత్రం వేరే గుడ్డతో అప్పటి కటింగ్‌లో కుట్టించుకోండి. పాతకాలపు రూపు తెచ్చేవి మూడే: చెయ్యి కోత, మెడ లోతు, భుజం దగ్గర ఫిట్టింగ్. ఇవి కుదిరితే మామూలు మంగళగిరి నూలు గుడ్డ మీద కూడా ఆ కళ వస్తుంది.

కావలసినవి

- పాత చీరలో బలంగా ఉన్న గుడ్డ, మీటరు నుంచి మీటరుంపావు దాకా (మామూలు జాకెట్టుకు 80 సెంటీమీటర్లు చాలు, బుట్టచేతులకు చాలదు)
- నూలు లైనింగ్ గుడ్డ మీటరుంపావు
- పలుచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ చేస్తే గుడ్డ వెనక అంటుకునే అతుకు గుడ్డ) అర మీటరు
- చేతుల లోపల పెట్టడానికి గట్టి నెట్ కొద్దిగా
- 9 లేదా 11 నంబరు కొత్త సూది, గుడ్డ రంగు దారం
- పాత న్యూస్ పేపర్లు, టేపు, చాక్ (రంగు చాక్ వద్దు, తెల్లదే వాడండి)
- మీకు సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి, కొలతకు

మిషన్ రానివాళ్లు కంగారు పడక్కర్లేదు. 1, 2, 3, 4 మీరు చేసుకుని, మిగతావి టైలర్‌కి చెప్పి చేయించుకోవచ్చు. కాకపోతే 5, 6 అంకెల కింద ఉన్నవి చదివి వెళ్లండి. ఏం అడగాలో తెలిసి వెళ్తే టైలర్ కూడా శ్రద్ధగా చేస్తారు.

1. ఏ కాలం రూపు కావాలో తేల్చుకోండి

ఇంట్లో పాత పెళ్లి ఫొటోలు ఉంటే ముందేసుకోండి. 1940లు, 50ల ఫొటోల్లో బుట్టచేతులు, మెడకు దగ్గరగా ఉండే గుండ్రటి గళ్లా, నడుము దాకా వచ్చే పొడుగు జాకెట్టు కనిపిస్తాయి. 60లు, 70ల్లోకి వస్తే చేతులు ఒంటికి పట్టినట్టు ఉంటాయి, బోట్ నెక్‌లు, చేతుల్లేని జాకెట్లు వస్తాయి, కొప్పులు పెరుగుతాయి. వాణిశ్రీ గారి కొప్పు గుర్తుందిగా, అది ఆ కాలానిది.

రెండు కాలాలు కలపకండి. బుట్టచేతులు పెట్టి వీపు మీద లోతు మెడ, దానికి తాళ్లు, గంటలు వేలాడదీస్తే అది ఈనాటి డిజైనర్ జాకెట్టే అవుతుంది. అంచు నాలుగు అంగుళాలకు మించిన చీరైతే బుట్టచెయ్యి వద్దు. అంత పెద్ద అంచు బుట్ట కింద ఇమడదు. మోచేతి దాకా సాదా చెయ్యి పెట్టి ఆ అంచును పూర్తిగా కనిపించనివ్వండి.

2. చీరను పరీక్షించండి

పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. పట్టు పైకి మెరుస్తూనే లోపల జీవం పోగొట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీర సరిగ్గా ఆ మడతల వెంబడే తెగుతుంది.

వెలుతురు పరీక్ష: పగటిపూట కిటికీ ముందు ఇద్దరు చీరను విప్పి పట్టుకోండి. సూది మొనంత చిల్లులు, పలచబడ్డ గీతలు, మడత చారలు కనిపిస్తాయి. వాటి చుట్టూ తెల్ల దారంతో గుర్తులు కుట్టండి. పెన్నుతో గీయకండి.

బొటనవేళ్ల పరీక్ష: గుడ్డను రెండు బొటనవేళ్ల మధ్య అంగుళం ఎడంతో పట్టుకుని మెల్లగా లాగండి. ముందు పడుగు వైపు, అంటే చీర పొడవు వెంట. తర్వాత పేక వైపు, అంటే అంచు నుంచి అంచుకి. పోగులు జరిగినా, చిర్రుమని చప్పుడు వచ్చినా అక్కడ ఆపేయండి. ఏ వైపు బలంగా ఉందో కాగితం మీద రాసుకోండి, కత్తిరించేటప్పుడు కావాలి. పదిచోట్లయినా ఇలా చూడండి. కొంగు, కుచ్చిళ్లు, లోపలి చుట్టు అన్నీ ఒకేలా అరగవు. లోపలి చుట్టు వెలుతురు తగలకుండా ఉంటుంది కాబట్టి సాధారణంగా అక్కడే మంచి గుడ్డ దొరుకుతుంది.

చేతిలో పొడిలా రాలుతుంటే ఆ చీర కుట్టుకు పనికిరాదు. అంచు, కొంగు విడదీసి ఫ్రేమ్ కట్టించుకోండి. ఫ్యూజింగ్ అంటించి ఎలాగోలా నెట్టుకొద్దాం అనుకోవద్దు, మొదటిసారి చెయ్యెత్తగానే చంక దగ్గర పోతుంది.

కాల్చి చూడటం: అది పట్టో కాదో అనుమానం ఉంటే చివర నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టుకుని కాల్చండి. పట్టైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, నలిపితే బూడిద పొడి అవుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. పడుగు, పేక రెండింటి నుంచీ పోగులు తీయండి. గద్వాల చీరల్లో ఒళ్లు నూలు, అంచు పట్టు కావడం మామూలే, కాబట్టి ఒక్కచోట చూసి తేల్చకండి.

జరీ సంగతి: అసలు జరీలో పట్టు పోగుకు వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. ఒక పోగు గోటితో గీకితే లోపల పట్టు దారం, చాలా చీరల్లో ఎర్రటిది, కనిపిస్తుంది. రాగి తీగతో చేసిన జరీ అయితే గీకినచోట తీగే ఎర్రగా తేలుతుంది. ప్లాస్టిక్ జరీ కాలిస్తే కరిగిపోతుంది. ఇది చూడకుండా "పాత జరీ చీరలు కొంటాం" అంటూ వచ్చేవాళ్లకు చీర ఇచ్చేయకండి. వాళ్లు కొనేది అందులోని వెండి కోసం. ఇవ్వాలనే అనుకుంటే రెండు మూడు చోట్ల ధర కనుక్కున్నాకే ఇవ్వండి.

3. ఇంట్లో లేకపోతే వెతకండి

మొదట చుట్టాల్ని అడగండి. "పిన్నీ, కట్టని పాత చీరలేమైనా ఉన్నాయా, చిరిగినా ఫర్వాలేదు" అని ఒక్క ఫోన్ చేస్తే చాలు. స్టీలు సామాన్లకు పోయే బట్టల్లోంచి మంచి అంచులు ఎన్నో బయటపడతాయి. హైదరాబాద్‌లో ఉంటే ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ వైపు గురువారాలు జరిగే జుమేరాత్ బజార్ పాత సామాన్లకు పేరున్నవి. అక్కడ చీర కంటే పాత గుండీలు, లేసులు, ఇత్తడి బకిల్స్ లాంటివి దొరికే అవకాశం ఎక్కువ. వాటితో కూడా జాకెట్టు రూపు మారిపోతుంది. ఉదయాన్నే వెళ్లండి, చిల్లర తీసుకెళ్లండి, టేపు మర్చిపోకండి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉండే మన వాళ్లకు థ్రిఫ్ట్ స్టోర్లు, చారిటీ షాపులు ఉన్నాయి. చీరలు అరుదే కానీ పాత బ్రోచ్‌లు, లేసు కాలర్లు, పట్టు స్కార్ఫులు వస్తుంటాయి.

సెకండ్‌హ్యాండ్‌లో కుట్టిన జాకెట్టే దొరికితే సైజు చీటీ నమ్మకండి, టేపుతో కొలవండి. లోపల మార్జిన్ (కుట్టు పక్కన వదిలే అదనపు గుడ్డ) ఎంత వదిలారో తిప్పి చూడండి. మార్జిన్ ఉన్నా పట్టు జాకెట్టు వదులు చేస్తే పాత కుట్టు రంధ్రాలు, వెలవని రంగు గీతలా తేలతాయి. చంక దగ్గర చెమట మరక గట్టిపడి ఉంటే అది పోదు, అక్కడ గుడ్డ కూడా నాసి అయిపోయి ఉంటుంది. బూజు వాసన వస్తే ఎంత చవకైనా వదిలేయండి. మిగతా బట్టలకూ పాకుతుంది.

4. శుభ్రం చేసుకోండి

కొన్నది ఏదైనా నేరుగా బీరువాలో పెట్టకండి. రెండు మూడు రోజులు నీడలో, గాలి ఆడేచోట ఆరేయండి. కలరా ఉండల వాసన కూడా అలాగే తగ్గుతుంది.

తడపాలా వద్దా అన్నది రంగును బట్టి. తెల్ల నూలు గుడ్డ తడిపి, చీర లోపలి మూల మీద ఐదు నిమిషాలు అదిమి పెట్టండి. అంచు రంగు, ఒంటి రంగు విడివిడిగా చూడాలి. రంగు అంటితే డ్రై వాష్‌కి ఇవ్వండి. అంటకపోతే కుంకుడు పులుసు పలచగా కలిపిన చల్లటి నీళ్లలో ముంచి తీయండి. పిండకండి, తువ్వాలులో చుట్టి అదమండి. పాడైన భాగం ముందే కత్తిరించి పక్కన పెట్టుకుంటే తడి బరువుకు చిరుగు పెరగదు.

లైనింగ్ గుడ్డను మాత్రం తప్పకుండా రాత్రంతా నానబెట్టి ఆరేయండి. టైలర్‌కి ఇచ్చినా మీరే తడిపి ఇవ్వండి. తడపని లైనింగ్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పైన పట్టు ముడతలు పడి నిలబడుతుంది. "కొత్త జాకెట్టు ఒక్కసారి ఉతకగానే పాడైంది" అనే వాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

5. ముందు లైనింగ్‌తోనే ట్రయల్ వేయండి

పట్టులో కుట్టు ఊడదీస్తే సూది రంధ్రాలు మిగిలిపోతాయి. అందుకే తప్పొప్పులన్నీ లైనింగ్ మీదే తేల్చుకోవాలి. కొలత జాకెట్టు చూసి ముందు, వెనక భాగాలు లైనింగ్‌లో కత్తిరించి, డాట్లు (ఒంటి ఆకారానికి వేసే మడత కుట్లు) వేసి, పెద్ద కుట్టుతో అతికి తొడుక్కోండి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందల్లా భుజం. బుట్టచేతుల జాకెట్టుకు భుజం వెడల్పు మామూలు కంటే ఒక్కో వైపు అర అంగుళం తగ్గించాలి. బుట్ట అనేది భుజం ఎముక మీద కూర్చోవాలి. మామూలు భుజం కొలతకే బుట్ట కుడితే అది చెయ్యి మీదికి జారి వేలాడుతుంది, మనిషి వెడల్పుగా కనిపిస్తుంది. "నాకు బుట్టచేతులు నప్పవు" అని వదిలేసుకున్నవాళ్లు ఒక్కసారి ఈ అర అంగుళం తగ్గించి చూడండి. టైలర్‌కి కూడా ఈ మాట నోటితో చెప్పి వదిలేయకుండా చీటీ మీద రాయించండి.

మెడ ముందువైపు ఐదున్నర, ఆరు అంగుళాలకు మించి లోతు పెట్టకండి. వెనక ఇంకా తక్కువే ఉండాలి. ఆ పాత ఫొటోల అందమంతా ఆ మూసుకున్న మెడలో ఉంటుంది. మెడ పొట్టిగా ఉన్నవాళ్లు గుండ్రటి గళ్లా బదులు చిన్న వి గళ్లా పెట్టుకోవచ్చు.

6. బుట్టచెయ్యి నమూనా కాగితం మీద గీయండి

మామూలు చెయ్యి నమూనాను న్యూస్ పేపర్ మీద గీసి కత్తిరించండి. ఉదాహరణకు దాని వెడల్పు 13 అంగుళాలు, మీ చెయ్యి చుట్టు 11 అంగుళాలు అనుకుందాం.

అ. నమూనా మీద నిలువుగా సమాన దూరంలో నాలుగు గీతలు గీసి, ఆ గీతల వెంట కత్తిరించండి.
ఆ. ఆ ముక్కల్ని మరో కాగితం మీద వరసగా పేర్చి, ఒక్కో సందు అంగుళంపావు వదలండి. నాలుగు సందులకు 5 అంగుళాలు పెరిగి మొత్తం 18 అవుతుంది.
ఇ. చెయ్యి పైగుండ్రాన్ని (భుజానికి అతికే గుండ్రటి అంచును) మధ్యలో ఒక అంగుళం ఎత్తు పెంచండి. కింద మధ్యలో ముప్పావు అంగుళం దించండి. ఈ ఎత్తు పెంచకపోతే ఎంత కుచ్చు పెట్టినా బుట్ట పైకి లేవదు.
ఈ. అంచుతో కింద పట్టీ వేయాలి. 11 అంగుళాల చేతికి పట్టీ కుట్టాక పదకొండున్నర ఉండాలి, కుట్లకు అంగుళం కలిపి పన్నెండున్నర కత్తిరించండి.

గుడ్డ బరువుగా ఉంటే, అంటే కంచి పట్టు లాంటిదైతే, సందులు మూడు చాలు, ఒక్కోటి అంగుళం. పలచటి వెంకటగిరి నూలుకు ఇంకాస్త పెంచినా బాగుంటుంది. భుజాలు విశాలంగా ఉన్నవాళ్లు పైన కుచ్చు తగ్గించి కింద పట్టీ దగ్గర పెంచుకోండి.

7. చీర మీద కత్తిరించండి

తెల్ల దారంతో గుర్తు పెట్టిన నాసి భాగాలు తప్పించి, కాగితం నమూనాలన్నీ చీర మీద పరిచి చూడండి. అన్నీ సరిపోయాయని తేలే దాకా మంచి గుడ్డకు కత్తెర తాకించవద్దు. ముందే అంచు కోసేసి తర్వాత పట్టీకి చాలక బాధపడేవాళ్లు ఎక్కువ.

జాకెట్టు మీద లాగుడంతా అడ్డంగా పడుతుంది, ఛాతీ దగ్గరా వీపు దగ్గరా. కాబట్టి మీరు కాగితం మీద రాసుకున్న బలమైన వైపు ఒంటికి అడ్డంగా వచ్చేలా పెట్టుకోండి. రెండు చేతులకూ ఒకే వైపు పోగు ఉండాలి, లేకపోతే వెలుతురులో ఒక చెయ్యి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది. పిన్నులు కుట్టు మార్జిన్‌లోనే గుచ్చండి. పక్క కుట్లలో అంగుళంన్నర మార్జిన్ వదలండి.

గుడ్డ కాస్త బలహీనంగా అనిపిస్తే వెనకవైపు ఫ్యూజింగ్ అంటించండి. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. ఇస్త్రీ పెట్టె పట్టు వేడి దాటకూడదు, పైన నూలు గుడ్డ వేయాలి, జరీ మీద నేరుగా పెట్టకూడదు.

8. కుట్టండి

పట్టు, లైనింగ్ అంచుల వెంట కలిపి ఒక కుట్టు వేసుకుని, ఇక రెంటినీ ఒకే గుడ్డలా వాడండి. లాగుడు లైనింగ్ మీద పడుతుంది, పట్టు బతుకుతుంది.

చెయ్యి పైగుండ్రం మీద పెద్ద కుట్టుతో రెండు వరసలు వేయండి. చంక నుంచి రెండున్నర అంగుళాల దాకా రెండు వైపులా కుచ్చు వద్దు. చంక కింద కుచ్చు వస్తే చెయ్యి దించినప్పుడు ఒరుసుకుంటుంది. కింది దారాలు రెండూ కలిపి మెల్లగా లాగుతూ కుచ్చు భుజం మీదికి తెచ్చుకోండి. ఒక్క దారమే లాగితే పుటుక్కున తెగుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలు.

బుట్ట లోపల, పైగుండ్రం దగ్గర, రెండంగుళాల నెట్ పట్టీని మడిచి కుచ్చు పెట్టి కుట్టండి. సాయంత్రం దాకా బుట్ట కూలిపోకుండా ఉంటుంది. నెట్ గుచ్చుకుంటుంది కాబట్టి దాని అంచును లైనింగ్ ముక్కతో మూసేయండి.

9. సరిచూసుకోండి

హుక్కులు కుట్టకముందే పిన్నులతో మూసి, అద్దం ముందు ఇవి చేయండి. రెండు చేతులూ పైకెత్తండి, జాకెట్టు అంగుళానికి మించి పైకి లేస్తే చంక లోతు ఎక్కువైంది. కుర్చీలో కూర్చుని ముందుకు వంగండి, వీపు మీద అడ్డ ముడతలు బిగుసుకుంటే పక్క మార్జిన్ కొంచెం వదలండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. రెండు బుట్టలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో అద్దంలో తెలియదు, ఎవరితోనైనా ఎదురుగా, పక్కగా, వెనక నుంచి మూడు ఫొటోలు తీయించుకుని చూడండి. చివరగా, కిటికీ వెలుతురులో కుట్ల వెంట పోగులు జరిగాయేమో చూడండి. జరిగితే అక్కడ లోపల ఫ్యూజింగ్ ముక్క పెట్టి ఇంకో కుట్టు వేయాలి. ఈ పని వేసుకునే రోజు పొద్దున పెట్టుకోకండి, టెన్షన్ పడతారు. కనీసం వారం ముందు అయిపోవాలి.

కొత్తగా కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

పాత డిజైన్ల పేరుతో వస్తున్న కొత్త కలెక్షన్లలో మంచివీ ఉన్నాయి. పట్టు అని చెబితే సిల్క్ మార్క్ లేబుల్, చేనేత అంటే హ్యాండ్లూమ్ మార్క్ అడగండి. "సెమీ", "ఆర్ట్ సిల్క్" అన్న మాటలుంటే అది పూర్తి పట్టు కాదని అర్థం. గుడ్డ బాగుండి ధర సరిపోతే కొనుక్కోవచ్చు, కానీ పట్టు ధర ఇవ్వకండి. పోచంపల్లి, ఉప్పాడ, మంగళగిరి పేర్లు చెప్పినప్పుడు చీరను తిప్పి వెనక చూడండి. పోచంపల్లిలో పోగులకే ముందుగా రంగులద్ది నేస్తారు కాబట్టి డిజైను వెనక కూడా దాదాపు అంతే స్పష్టంగా ఉండాలి. వెనక వెలవెలబోతే అది ప్రింటు.

రెడీమేడ్ బుట్టచేతుల జాకెట్లలో లోపల మార్జిన్ అసలు ఉండకపోవచ్చు, చేతుల లోపల నెట్ కూడా ఉండదు. కాబట్టి ఛాతీ కొలత కంటే ఒక సైజు పెద్దది తీసుకుని భుజం దగ్గర లోపలికి కుట్టించుకోండి. నన్నడిగితే రెడీమేడ్ పట్టు జాకెట్టు కంటే, మంచి మంగళగిరి నూలు గుడ్డ కొని కుట్టించుకోవడమే మేలు. బుట్ట చక్కగా నిలబడుతుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు, ఐదారు చీరల మీదికి వస్తుంది.

దాచడం, మిగిలిన గుడ్డ

జాకెట్టును ప్లాస్టిక్ కవర్‌లో పెట్టకండి. మెత్తటి పాత నూలు గుడ్డలో చుట్టి, చేతుల్లో కాగితం ఉండలు చుట్టి పెడితే బుట్ట అణగదు. కాగితం తెల్లదై ఉండాలి, న్యూస్ పేపర్ సిరా అంటుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, చిన్న గుడ్డ సంచిలో కట్టి మూలన పెట్టండి, లేదా లవంగాలు వాడండి. మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి.

మిగిలిన చీరలో పొడుగు అంచులుంటే సాదా నూలు చీరకు అంచుగా వేయించుకోవచ్చు. కొంగు బాగుంటే పాపకు పట్టులంగా అవుతుంది, అయితే దానికీ లైనింగ్ తడిపే కుట్టించాలి. అరచేతి కంటే చిన్న ముక్కల్ని జాకెట్టుతో పాటే దాచండి. రేపు ఎక్కడైనా పోగు జారితే అతుకు వేయడానికి అదే రంగు గుడ్డ మరెక్కడా దొరకదు.